తల ఎత్తనివాడే దొంగా? ట్రైనింగులో ఇచ్చిన కాగితం మీద అనుమానాలు

గోదాం_లెక్కలు
మా దగ్గర సూపర్వైజర్లకి రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు, ఎదుటివాడు అబద్ధం ఆడుతుంటే మొహం చూసి కనిపెట్టడం ఎలా అని. చివర్లో ఒక కాగితం చేతికిచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. చూపు తప్పిస్తే అబద్ధం. ముక్కు తడుముకుంటే అబద్ధం. చేతులు కట్టుకుంటే ఏదో దాస్తున్నట్టు. కళ్ళు పైకి ఎడమవైపు పోతే గుర్తు తెచ్చుకుంటున్నట్టు, కుడివైపు పోతే కల్పిస్తున్నట్టు. గుటకలు మింగినా చెమట పట్టినా తప్పు చేసినట్టు.

సోమవారం ఇద్దరిని కూర్చోబెట్టి అడగాలి. స్టాకులో 14 బస్తాల తేడా వచ్చింది. మొన్న పైపైన అడిగినప్పుడు ఒకతను తల ఎత్తలేదు, చొక్కా తడిసిపోయింది. రెండో అతను నా కళ్ళలోకి చూస్తూ గడగడా చెప్పేశాడు. కాగితం ప్రకారమైతే మొదటి అతని మీద రాసెయ్యాలి. నాకు చెయ్యి రావట్లేదు, ఒక మనిషి ఉద్యోగం అది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇందులో ఎంత నిజం?

ఉప్పు_నిప్పు
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని పెద్దలు ఊరికే అనలేదు. లోపల ఉన్నది ఒంటిమీదకి తన్నుకొస్తుంది. మొదటి అతన్నే గట్టిగా అడగండి, అరగంటలో కక్కేస్తాడు.

మనోనేత్ర
ఉప్పు_నిప్పు గారూ, గట్టిగా అడిగితే చెయ్యనివాడు కూడా కక్కేస్తాడు. ప్రమాదమే అక్కడ ఉంది.

కాగితం సంగతి. 2003లో మనస్తత్వ శాస్త్రవేత్త బెల్లా డిపౌలో బృందం అప్పటిదాకా జరిగిన ప్రయోగాలు పోగేసి, అబద్ధానికి గుర్తులనుకునే 158 సూచనల్లో నిజం చెప్పేవాళ్ళకీ అబద్ధం చెప్పేవాళ్ళకీ తేడా ఎంతో లెక్కగట్టింది. ఆ కొలతలో 0.2 అంటే చిన్న తేడా, 0.5 అంటే మధ్యరకం. చూపు కలపడానికి వచ్చిన అంకె 0.01. అంటే అబద్ధం చెప్పేవాడూ నిజం చెప్పేవాడూ ఒకేలా చూస్తారు. రెప్పలు కొట్టుకోవడం 0.07, అదీ లేనట్టే. గొంతు కాస్త పైస్థాయికి పోవడం 0.21. కనుపాప పెద్దదవడం 0.39, కానీ మనవాళ్ళ ముదురు గోధుమరంగు కళ్ళలో అది మామూలు వెలుతురులో కంటికి ఆనదు, పరికరం కావాలి. మాటల్లో వివరాలు తక్కువగా ఉండటం 0.30. చూశారా, కాస్తో కూస్తో దొరికేది కళ్ళలో కన్నా మాటల్లోనే.

కనిపెట్టేవాళ్ళ సంగతి కూడా వినండి. 2006లో బాండ్, డిపౌలో 24 వేల మందికి పైగా ఇచ్చిన తీర్పుల్ని కలిపి చూస్తే సగటు 54 శాతం. నాణెం ఎగరేస్తే 50. నిజాల్ని నిజమని పోల్చినవి 61 శాతం, అబద్ధాల్ని అబద్ధమని పట్టినవి 47 శాతం. ఆ ఏడాదే వచ్చిన ఇంకో అధ్యయనంలో 58 దేశాల్లో 'అబద్ధం ఎలా తెలుస్తుంది' అని అడిగితే దాదాపు అన్నిచోట్లా ఎక్కువమంది చెప్పింది చూపు తప్పించడమే. లోకమంతా ఒకే తప్పు నమ్ముతోంది. రెండో అతను మీ కళ్ళలోకి అలా ఎందుకు చూశాడో మీరే ఆలోచించండి. ఆ నమ్మకం అతనికీ తెలుసు.

పాతసామెత
ఆ సామెతని అందరూ తిరగేసి వాడుతున్నారు. అందులో కీలకం భుజంలో లేదు, బూడిదలో ఉంది. బూడిదగుమ్మడికాయ మోస్తే దాని ఒంటి మీది తెల్లటి పొడి భుజానికి అంటుకుంటుంది. పొడి అంటుకుంటుందన్న సంగతి మోసినవాడికి గుర్తొచ్చింది కాబట్టి చెయ్యి భుజం మీదకి పోయింది. సిగ్గుతో తల దించుకున్నాడనో, చెమట పట్టిందనో సామెత అనలేదు. పైగా పొద్దున సంతకి కూలికి మోసినవాడు కూడా తడుముకుంటాడు. అందుకని ముందు ఆ పొడి ఎక్కడిదో చూడాలి.

గోదాం_లెక్కలు
ఇది బాగుంది. మరి మా కేసులో పొడి ఏది?

కాటా_చీటీ
అసలు 14 బస్తాలు పోయాయో లేదో ముందు తేల్చారా? ఇద్దరి మొహాలూ చూసే ముందు లెక్క చూడండి. లోపలి వరసలు కనపడక పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి లెక్కేస్తారు. మధ్యలో ఒక బొక్క ఉన్నా, ఒక వరస అడ్డంగా పడినా 14 తేడా వచ్చేస్తుంది. 50 కిలోల బస్తా అయితే 14కి 700 కిలోలు. నిజంగా లారీలో ఎక్కువ పోయి ఉంటే కాటా చీటీలో నికర బరువు 700 పెరిగి తీరాలి. లారీ కాటా 5 కిలోలకో 10 కిలోలకో ఒక గీత చూపిస్తుంది, 700 దాని కన్ను కప్పలేదు. ఆ వారం బయటికి పోయిన బళ్ళన్నిటికీ ఖాళీ బరువు, లోడు బరువు, గేట్ రిజిస్టరు టైము, లోడింగ్ చీటీ మీద బస్తాల సంఖ్య, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి ఒక పట్టీ వేయండి.

ఫ్రేమ్_టు_ఫ్రేమ్
మనోనేత్ర గారు మొహాన్ని పూర్తిగా కొట్టిపారేస్తున్నట్టుంది. మొహం మీద రెప్పపాటులో మెరిసి మాయమయ్యే సూక్ష్మ కవళికల మాటేమిటి? మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఎక్మన్, వాలస్ ఫ్రీజన్ 1978లో మొహం మీది కండరాల కదలికలన్నిటికీ నంబర్లు ఇచ్చారు. పెదవుల చివర్లు పైకి లాగే కండరం 12, కంటి చుట్టూ ముడత తెచ్చేది 6. రెండూ కలిస్తే మనసారా నవ్వు, 12 ఒక్కటే అయితే మర్యాద నవ్వు. ఇది గాలిమాట కాదు కదా.

మనోనేత్ర
నంబర్ల పద్ధతి గట్టిది, దాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ అది చెప్పేది ఏ కండరం కదిలిందో. ఎందుకు కదిలిందో చెప్పదు. మర్యాద నవ్వు నవ్వేవాడు మర్యాదస్తుడు కావచ్చు. సూక్ష్మ కవళికల మీద 2008లో పోర్టర్, టెన్ బ్రింకే ఫ్రేము ఫ్రేముగా చూశారు. మొత్తం కవళికల్లో 2 శాతమే అలాంటివి, అవీ మొహం పై సగంలోనో కింది సగంలోనో తప్ప పూర్తిగా రాలేదు. నిజంగా ఆ భావం ఉన్నవాళ్ళలోనూ కనిపించాయి. అంత అరుదైనదాన్ని పట్టుకుని సోమవారం ఒకరి పొట్ట కొట్టలేం.

ఎక్మన్ గారే 1985లో ఇంకో హెచ్చరిక చేశారు, దానికి షేక్‌స్పియర్ నాటకంలో భార్య భయాన్ని చూసి తప్పు చేసిందనుకున్న ఒథెల్లో పేరు పెట్టారు. నమ్మరేమోనన్న భయమూ, దొరికిపోతానేమోనన్న భయమూ మొహం మీద ఒకేలా ఉంటాయి. కవళిక నిజమే, దాని కారణం దగ్గర మనం బోల్తా పడతాం.

ఫ్రేమ్_టు_ఫ్రేమ్
కారణం గురించి ఒప్పుకుంటా. వీడియో గురించి ఒక జాగ్రత్త నేను కలుపుతా, చాలామంది సీసీ కెమెరా ఫుటేజీ ఆపి ఆపి చూస్తూ కవళికలు వెతుకుతారు కాబట్టి. సూక్ష్మ కవళిక సెకనులో ఇరవై ఐదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుందంటారు. సెకనుకి 25 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. గోదాముల్లో నిల్వ కలిసొస్తుందని 10, 12 ఫ్రేములకి తగ్గించి పెడతారు, అప్పుడు ఒక్కో ఫ్రేము 80 నుంచి 100. చిన్న కవళిక రెండు ఫ్రేముల మధ్య మాయమైపోతుంది. పైగా ఫైలు సైజు తగ్గించేటప్పుడు రికార్డరు కదలని భాగాన్ని పాత ఫ్రేము నుంచే తెచ్చి అతికిస్తుంది, పెదవి ఒక క్షణం వంకరపోయినట్టు లేని ముడత కనిపిస్తుంది. పై మూలన ఉన్న కెమెరాకి కనుబొమల నీడ కోపంలా పడుతుంది. ఫుటేజీ ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి అన్నంతవరకే. ముందు ఆ గడియారం అసలు టైముకి ఎన్ని నిమిషాలు తేడా ఉందో రాసిపెట్టుకోండి.

ఉప్పు_నిప్పు
సామెత విషయంలో తగ్గుతా. కానీ ఒకటి ఉంది. మనిషి మామూలుగా ఎలా ఉంటాడో ముందు చూసి, ప్రశ్న దగ్గర ఎలా మారాడో పోల్చాలి. టీ ఇచ్చి, పిల్లల చదువులు అడిగి, తర్వాత హఠాత్తుగా బస్తాల మాట ఎత్తితే మార్పు కనపడుతుంది. ఇది పనిచేస్తుంది.

మనోనేత్ర
పోల్చాలన్నది సరే. పోల్చే జత తప్పు. పిల్లల చదువు నుంచి దొంగతనం మాటకి దూకితే ఎవడి మొహమైనా మారుతుంది. బరువున్న విషయాన్ని అంతే బరువున్న విషయంతో తూచాలి. ఉదాహరణకి అదే వారంలో ఇంకో రాత్రి షిఫ్టు తీసుకోండి, మీ దగ్గర కాగితాలతో ఖాయమైనది. 'బుధవారం రాత్రి లోడింగ్ మొదటినుంచి చెప్పు' అని అదే గదిలో, అదే కుర్చీలో, అదే గొంతుతో అడగండి. అతను నిజం చెబుతున్నప్పుడు ఎంత వివరంగా చెబుతాడో, ఎక్కడ ఆగుతాడో తెలుస్తుంది. తర్వాత తేడా వచ్చిన రాత్రి గురించి అడగండి. ఒకదానికి పదిహేను వాక్యాలు వచ్చి రెండోదానికి మూడే వస్తే, అక్కడ ఇంకా అడగాల్సినది ఉందని అర్థం. అడగాల్సినది ఉందని మాత్రమే.

ఓరుగల్లు_బిడ్డ
పెద్దసారు ముందట కండ్లల్ల కండ్లు వెట్టి మాట్లాడితె మా దిక్కు పొగరంటరు. తల వంచుకొని, చేతులు కట్టుకొని నిలవడుడు మర్యాద. బళ్ళె గట్లనే నేర్పిండ్రు, ఇంట్ల గట్లనే నేర్పిండ్రు. ఇరవై ఏండ్లు గట్ల పెరిగినోడు మీ గదిలకు రాంగనే ఎట్ల మారుతడు? చేతులు కట్టుకునుడు దాసుడంటె ఊర్ల సగం మంది దొంగలే. ఆ కాగితం ఎవరి దేశంల తయారైందో గని మన మనుషుల కోసం రాసింది కాదు.

అట్లాంటా_గుంటూరు
ఓరుగల్లు_బిడ్డ చెప్పింది ఇక్కడ తిరగబడి కనిపిస్తుంది. అమెరికాలో ఉద్యోగం ఇంటర్వ్యూకి మొదటిసారి వెళ్ళే మన పిల్లలు కళ్ళు దించుకుంటే ఏదో దాస్తున్నాడనుకుంటారు. తలని అటూ ఇటూ ఊపితే అవునో కాదో వాళ్ళకి తెలియదు.

ఇక్కడి ప్రభుత్వం కూడా ఈ చూపుల విద్య మీద డబ్బు పోసింది. విమానాశ్రయాల్లో ప్రయాణికుల తీరు చూసి అనుమానితుల్ని ఏరే పథకం 2007 నుంచి నడిపారు. 2013 నవంబరులో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్క తీస్తే అప్పటికి సుమారు 90 కోట్ల డాలర్లు అయ్యాయి, ఆ సూచనలు పనిచేస్తాయనడానికి ఆధారం దొరకలేదు. నిధులు తగ్గించమని రాశారు.

సాక్షి_బోను
కోర్టులో సాక్షి తీరు రాసుకునే వీలు చట్టంలోనే ఉంది. సివిల్‌లో 18వ ఆర్డరు 12వ రూలు, క్రిమినల్‌లో పాత 280వ సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 315. కానీ రాసే పద్ధతి ఉంటుంది. 'తడబడ్డాడు, అబద్ధంలా ఉంది' అన్నది అభిప్రాయం. 'ఈ ప్రశ్నకి ఇరవై సెకన్లు ఆగాడు, ప్రశ్న రెండుసార్లు అడిగించుకున్నాడు, మంచినీళ్ళు అడిగాడు' అన్నది చూసినది. మీ విచారణ కాగితంలో రెండో రకం మాత్రమే ఉండాలి. మొదటి రకం ఒక్క వాక్యం ఉన్నా, అవతలి వకీలు దాన్ని పట్టుకునే మీ రిపోర్టు మొత్తం చీలుస్తాడు.

తాళపత్రం
ఈ గొడవ కొత్తదేం కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారకాండలో అచ్చం మీ కాగితం లాంటి పట్టీ ఉంది. ఒకచోట నిలవడు, పెదవుల మూలలు నాకుతాడు, నుదురు చెమర్చుతుంది, మొహం రంగు మారుతుంది, నోరెండి మాట తొట్రుపడుతుంది, పరస్పరం పొసగని మాటలు చెబుతాడు, మాటకి మాట చూపుకి చూపు ఇవ్వడు, పెదవి వంకర తిప్పుతాడు.

అసలు రుచి దాని వ్యాఖ్యలో ఉంది. కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఈ శ్లోకాల దగ్గర ఆగి స్పష్టంగా చెప్పాడు: ఇవి దోషం ఉండొచ్చునన్న అనుమానానికే, దోషం ఖాయమనడానికి కాదు. మనిషి సహజంగా అలా ఉంటాడో, ఈ సందర్భం వల్ల అలా అయ్యాడో విడదీయడం కష్టం. ఒకవేళ ఎవరో నిపుణుడు విడదీసినా దాన్నిబట్టి ఓడిపోయాడని తీర్పు చెప్పకూడదు. చావు లక్షణాలు కనిపించినంత మాత్రాన బతికుండగానే కర్మకాండ చెయ్యరు కదా అని పోలిక. ఆ మితాక్షరనే మూలఘటిక కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయంగా రాశాడు.

గోదాం_లెక్కలు
బతికుండగానే కర్మకాండ. ఈ ఒక్క మాట ఆ కాగితం వెనక రాసి గోడకి అంటిస్తా.

ఎడమ కుడి కళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు.

మనోనేత్ర
2012లో వైజ్‌మన్ బృందం పరీక్షించి చూసింది. అబద్ధం చెప్పేవాళ్ళ కళ్ళు ఏ పక్కకీ ప్రత్యేకంగా పోలేదు. ఆ సూత్రం నేర్పించినవాళ్ళు నేర్చుకోనివాళ్ళ కన్నా బాగా పట్టిందీ లేదు. కొట్టెయ్యండి ఆ గీతని.

కాకినాడ_కాజా
ముక్కు గీత కూడా కొట్టెయ్యండి. మిర్చి గోదాములో ముక్కు తడుముకోనివాణ్ణి నాకు ఒక్కణ్ణి చూపించండి.

నాడి_చూసేవాడు
చెమట గురించి వైద్యం వైపు నుంచి. షుగరుకి మందులో ఇన్సులినో వాడేవాళ్ళకి తిండి ఆలస్యమై చక్కెర పడిపోతే చెమట, వణుకు, మొహం పాలిపోవడం, మాట తడబడటం అన్నీ ఒకేసారి వస్తాయి. చూసేవాళ్ళకి అచ్చం దొరికిపోయిన దొంగలా ఉంటాడు. అది ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి, విచారణ ఆపి ముందు చక్కెర నీళ్ళు ఇవ్వాలి. దానికి పూర్తి తిరుగుడు కూడా ఉంది. గుండెకో బీపీకో బీటా బ్లాకరు వేసుకునేవాళ్ళకి చేతులు వణకవు, గుండె దడ తెలియదు. పార్కిన్సన్ మొదలైనవాళ్ళ మొహంలో భావమే కదలదు, రెప్పలు తక్కువ కొడతారు. ఒక చెవి వినపడనివాళ్ళు ప్రశ్న మళ్ళీ అడిగించుకుంటారు, తల పక్కకి తిప్పుతారు. అందుకే కూర్చోగానే మూడు అడగండి: ఏమైనా తిన్నావా, మందులేమైనా వాడుతున్నావా, నా మాట సరిగ్గా వినపడుతోందా.

ఉప్పు_నిప్పు
ఇవన్నీ కొట్టేస్తే మిగిలేదేంటి? మరి పోలీసులు ఎలా పడుతున్నారు?

స్టేషన్_డైరీ
పట్టేది కాగితంతో, వస్తువుతో, ఇంకొకరి మాటతో. అబద్ధం బయటపడేది ఎక్కువగా తర్వాత, వేరే దారిలో. మొహం చూసి అక్కడికక్కడే పట్టినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇంగ్లండులో బలవంతపు ఒప్పుకోళ్ళ మీద నిలబడ్డ కేసులు 1989లో, 1991లో వరసగా కూలాయి. బాంబు పేలుళ్ళ కేసుల్లో గిల్డ్‌ఫర్డ్ నలుగురు, బర్మింగ్‌హామ్ ఆరుగురు ఏళ్ళ తరబడి జైల్లో ఉండి బయటికొచ్చారు. ఆ తర్వాతే అక్కడ పోలీసు విచారణకి పీస్ అనే పద్ధతి తెచ్చారు, ఐదు మెట్లు. సిద్ధపడటం, విషయం చెప్పి మాటల్లోకి దింపడం, అతని కథనం పూర్తిగా తీసుకోవడం, ముగించడం, మనం చేసింది మళ్ళీ చూసుకోవడం. ఒప్పించడం అన్న మెట్టు అందులో లేదు.

చేతిలో ఆధారం ఉన్నప్పుడు దాన్ని వాడే వరస ఇది, కాటా_చీటీ గారి పట్టీనే పెట్టుకుని చెబుతా. ఆధారం మొదటే చూపించకండి. 'లారీ బరువు 700 కిలోలు ఎక్కువుంది, ఏమంటావ్' అని మొదలుపెడితే ఆ 700కి సరిపడే కథ అల్లడానికి మీరే కొలత ఇచ్చినట్టు. ముందు 'ఆ రాత్రి షిఫ్టులోకి వచ్చినప్పట్నుంచి వెళ్ళేదాకా ఏం జరిగిందో చెప్పు' అని వదిలెయ్యండి. మధ్యలో అడ్డు పడకండి. ఆగితే మీరూ పది సెకన్లు ఆగండి, చాలామంది ఆ నిశ్శబ్దం భరించలేక పక్క ప్రశ్న వేసి చెడగొట్టేస్తారు. తర్వాత చుట్టూ తిరిగే ప్రశ్నలు: ఎన్ని బళ్ళు వచ్చాయి, లెక్క ఎవరు పెట్టారు, కాటా దగ్గరికి ఎవరు వెళ్ళారు, చీటీ ఎవరు తెచ్చారు. తర్వాత దారులు మూయడం: ఆ బండిలో ఇంకేమైనా సరుకుందా, టార్పాలిన్ తడిసిందా, డ్రైవరు కాకుండా ఇంకెవరైనా బండిలో కూర్చుని కాటా ఎక్కారా. ఇవన్నీ కాదన్నాక చీటీ బల్ల మీద పెట్టండి. నిర్దోషి అయితే అప్పటికే తన నోటితో చీటీకి సరిపోయే మాట చెప్పి ఉంటాడు. దోషి అయితే అతని మాటకీ చీటీకీ మధ్య సందు కనిపిస్తుంది. 2006లో స్వీడన్‌లో శిక్షణలో ఉన్న పోలీసుల మీద దీన్ని చూశారు. ఈ వరస నేర్చుకున్నవాళ్ళు 85 శాతం సరిగ్గా పట్టారు, నేర్చుకోనివాళ్ళు 56.

సాక్షి_బోను
స్టేషన్_డైరీ గారి వరస బాగుంది కానీ గోదాం_లెక్కలు గారు ఇక్కడ జారిపడే అవకాశం ఉంది. ఆధారం దాచి అడగడం ప్రాథమిక విచారణలో చెల్లుతుంది. ఒకసారి ఛార్జి మెమో, అంటే ఆరోపణల కాగితం, ఇచ్చాక చెల్లదు. అప్పుడు మీరు దేన్నిబట్టి ఆరోపిస్తున్నారో ఆ కాగితాల నకళ్ళు అతనికి ముందే ఇవ్వాలి, చదువుకునే టైమివ్వాలి, మీ సాక్షుల్ని అతను ప్రశ్నించే వీలుండాలి. లేకపోతే సహజ న్యాయ సూత్రాల కింద మొత్తం కొట్టేస్తారు. సోమవారం జరిగేది ఏ విచారణ?

గోదాం_లెక్కలు
ప్రాథమిక విచారణే. మెమో ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

సాక్షి_బోను
అయితే సరే. నోటీసులో 'వివరాలు తెలుసుకోవడానికి' అని రాయండి, 'మీరు చేసిన తప్పు గురించి' అని కాదు.

వెనక_నుంచి_ముందుకి
జరిగినదాన్ని చివర్నుంచి మొదటికి చెప్పమంటే అబద్ధం చెప్పేవాడికి బుర్ర మీద బరువు పెరిగి తడబడతాడని చదివాను. వ్రీ అనే పరిశోధకుడి పేరుమీద 2008లో వచ్చింది. అది కూడా కలపొచ్చు కదా?

స్టేషన్_డైరీ
నేనైతే గోదాములో వద్దంటాను. పెద్ద వయసువాళ్ళు, రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేనివాళ్ళు నిజం చెబుతూ కూడా వెనక నుంచి చెప్పలేరు. దానికన్నా ఊహించని ప్రశ్న నయం. 'ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఈ తెల్లకాగితం మీద గీసి చూపించు' అనండి. ఇద్దరినీ విడివిడిగా గీయించండి. కథ కలిపి మాట్లాడుకుంటారు కానీ నిచ్చెన ఏ గోడకి ఆనించి ఉందో, కాటా మనిషి ఏ పక్క నిలబడ్డాడో మాట్లాడుకోరు.

వెనక_నుంచి_ముందుకి
బొమ్మ విషయం ఒప్పుకుంటా. కానీ వెనక నుంచి అడగడం చెప్పేవాడికి గుర్తుకురానివి గుర్తుకు తెస్తుంది, సాక్షులకి అది పనికొస్తుంది. అనుమానితుడికి వద్దన్నంతవరకే మీతో ఏకీభవిస్తా.

వాడుక_భాష
అందరూ ఎలా అడగాలో చెబుతున్నారు, ఎలా రాసుకోవాలో ఎవరూ ఎత్తలేదు. తెలుగులో అక్కడే కొంప మునుగుతుంది.

'లారీ తొమ్మిదిన్నరకి వెళ్ళింది' అంటే చూశాడు. 'వెళ్ళిందంట' అంటే విన్నాడు. 'వెళ్ళుంటుంది' అంటే ఊహ. 'వెళ్ళినట్టుంది' అంటే ఏదో జాడ చూసి అనుకున్నాడు. చెప్పేవాడు ఈ నాలుగూ విడివిడిగానే వాడతాడు. రాసేవాడు నాలుగింటినీ 'లారీ వెళ్ళినది' అని గ్రాంథికంలో పడేస్తాడు. రెండోసారి అడిగితే ఆ మనిషి 'నేను చూళ్ళేదు సార్, హమాలీ చెప్పాడు' అంటాడు. వెంటనే 'మాట మార్చాడు' అని ఎర్ర గీత. మారింది అతని మాట కాదు, మన రాత.

ఇంకోటి. ఇంగ్లీషు పద్ధతి ట్రైనింగుల్లో 'నేను' అనకుండా మాట్లాడితే తప్పించుకుంటున్నట్టు అని నేర్పుతారు. తెలుగులో 'తాళం వేశాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు, క్రియ చివరే ఆ మాట చెబుతుంది. మనం చెవి పెట్టాల్సింది వేరే చోట. 'తాళం వేశాను' అన్నవాడు ఆ ఒక్క రాత్రి దగ్గరికొచ్చేసరికి 'తాళం పడింది' అన్నాడా? 'లెక్క పెట్టాను' అన్నవాడు 'లెక్క అయింది' అన్నాడా? అది అబద్ధమని కాదు. 'ఎవరు వేశారు' అని అక్కడ ఒక ప్రశ్న అడగాలి, అంతే. రికార్డు చేస్తున్నామని చెప్పి ఫోను బల్ల మీద పెట్టి, అన్నది అన్నట్టు రాసుకోండి. 'అంట'ని 'అంట' గానే ఉంచండి.

ఓరుగల్లు_బిడ్డ
మస్తు చెప్పిండ్రు. మా 'పోయిందట'ను కూడ గట్లనే ఉంచుండ్రి, 'వెళ్ళినదని తెలిసినది' అని రాయకుండ్రి.

ఉప్పు_నిప్పు
ఆఖరి అస్త్రం ఉంది కదా, లై డిటెక్టరు. దాంట్లో కూర్చోబెడితే?

సాక్షి_బోను
సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు తేల్చేసింది. నార్కో, పాలిగ్రాఫు, బ్రెయిన్ మ్యాపింగు, మూడూ మనిషి ఇష్టం లేకుండా చెయ్యకూడదు. ఇష్టపడ్డా ఆ ఫలితం నేరుగా సాక్ష్యం కాదు. కంపెనీ గోదాములో ఆ ఊసే ఎత్తకండి.

మనోనేత్ర
ఆ యంత్రం కొలిచేది ఊపిరి, రక్తపు ఒత్తిడి, చర్మం మీది తడి. అబద్ధాన్ని కొలిచే ముల్లు అందులో లేదు. నమ్మరేమోనన్న భయానికీ ఆ ముల్లు లేస్తుంది. మళ్ళీ ఒథెల్లోనే.

సైబర్_కాపలా
దీనికి అవతలి ఒడ్డు కూడా గుర్తుపెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి. డిజిటల్ అరెస్టు అని వీడియో కాల్ చేసే మోసగాళ్ళు యూనిఫాం వేసుకుని, కంట్లోకి చూస్తూ, చెయ్యి వణకకుండా మాట్లాడతారు. రోజుకి ఎన్నోసార్లు అదే మాట చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు అది. మొహం చూసి నమ్మకం కుదిరి డబ్బు పంపేస్తున్నారు. డిజిటల్ అరెస్టు అన్నదే చట్టంలో లేదు. కాల్ కట్ చేసి 1930కి ఫోన్ చెయ్యాలి.

గోదాం_లెక్కలు
ఇవన్నీ చదివాక సోమవారానికి ఇలా అనుకుంటున్నా. రేపూ ఎల్లుండీ బస్తాల వరసలు దింపించి మళ్ళీ లెక్క. ఆ వారం బళ్ళన్నిటికీ కాటా చీటీ, గేటు టైము, లోడింగ్ చీటీ పట్టీ. తేడా ఉన్న బండి దొరికితే ఆ రాత్రి గురించి ఇద్దరినీ విడివిడిగా, ముందు మామూలు రాత్రి అడిగి, తర్వాత ఆ రాత్రి. చీటీ చివర్లో. తల ఎత్తనతన్ని ముందు పిలుస్తా, అతని దగ్గర త్వరగా అయిపోతుందని.

స్టేషన్_డైరీ
ఆ చివరి వాక్యం మార్చండి. 'త్వరగా అయిపోతుంది' అన్నప్పుడే అతన్ని మీ మనసులో దోషిని చేసేశారు. ఎవరు ముందో చీటీ వేసి తీయండి. ఇద్దరికీ ఒకే ప్రశ్నల కాగితం, ఒకే టైము. మొదట వచ్చినవాళ్ళు రెండో అతన్ని కలవకుండా వేరే తలుపు నుంచి పంపండి.

నాడి_చూసేవాడు
కుర్చీ ఫ్యాను కింద వేయండి. తలుపుకి అడ్డంగా మీరు కూర్చోకండి. మంచినీళ్ళ గ్లాసు అతను అడగకుండానే అందే దూరంలో పెట్టండి. మే నెలలో రేకుల షెడ్డులో చెమట పట్టనివాడు ఎవడు?

గోదాం_లెక్కలు
చీటీలే వేస్తా. ఆ వాక్యం రాసినప్పుడు నాకు తెలియలేదు, చదివాక తెలిసింది. కాటా కుర్రాడికి ఫోన్ చేశా, ఆ వారం చీటీల కట్ట అతని దగ్గరే ఉంది, 31 బళ్ళు. పొద్దున్నే ఏడింటికి వెళ్ళి తెచ్చుకుంటా.

కాటా_చీటీ
తెచ్చుకునేటప్పుడు వరస నంబర్లు చూసుకోండి. 31 బళ్ళకి 62 చీటీలుండాలి, ఖాళీది ఒకటి, లోడుది ఒకటి. మధ్యలో ఒక నంబరు లేకపోతే ముందు దాని సంగతి అడగండి.